మెడ మీద ఎర్ర మచ్చ

మా తెల్ల కుక్కకు హిందూపురంలో టీకా వేయించిన రోజే డాక్టరమ్మ చెప్పింది, సూది గుచ్చిన చోట చిన్న గడ్డ కట్టొచ్చు, కొన్నాళ్లకు అదే తగ్గిపోతుంది, భయపడొద్దని. నేను బుద్ధిగా తల ఊపాను. మర్నాడు పొద్దున దాని మెడ మీద అరచేయంత ఎర్ర మచ్చ చూసేసరికి ఆ బుద్ధంతా ఎటో పోయింది.

నాయన అప్పటికే గొర్రెల్ని తోలుకుని గుట్టకు పోయాడు. కుక్కను ఒళ్లో పెట్టుకుని, ఆటోలో దారి పొడవునా డాక్టరమ్మను తిట్టుకుంటూ మళ్లీ హిందూపురం చేరాను.

ఆమె తడి దూదితో తుడిచింది. దూది ఎర్రబడింది, మచ్చ సగం పోయింది. ఇంకోసారి తుడిస్తే అడుగున శనక్కాయంత గడ్డ తప్ప ఏమీ లేదు.

"ఇది జాజు కదప్పా! గోడలకు పూసే ఎర్రమట్టి. ఈ గడ్డకేం భయం లేదు. మూతి వాచినా, ఊపిరాడకపోయినా అప్పుడు పరిగెత్తుకోని రా" అని నవ్వింది.

నా ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటే కోపమూ వచ్చింది. నాయనకు ఫోన్ చేసి అరిచాను.

"మందలో సూది ఏసిన గొర్రెకు గుర్తు పెట్టమా? లేకుంటే మల్లా దానికే ఏస్తారు" అన్నాడాయన.

"మనకుండేది ఒగ కుక్కే కదా నాయనా!"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

నేను ఇంటికొచ్చేసరికి గుట్ట దిగొచ్చి, జాజు డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఈతూరి తోకకు పెడతాలే" అన్నాడు.