బియ్యం జోకెటోడు కాదు మా అన్న

పొద్దున పక్కింటి కోడలు పరుగున వచ్చి, సరిహద్దులో ఉన్న తన తమ్ముణ్ణి ఫోన్లో చూడమంది. ఆ అబ్బాయి భుజాన తుపాకీతో నవ్వుతూ గుడారం, వండుకున్న పప్పు, అన్నీ తిప్పి తిప్పి చూపించాడు. నాకు మా అన్న గుర్తొచ్చాడు, నాలుగేళ్లపాటు అమ్మ ముందు తుపాకీ మాటే రానివ్వకుండా ఉత్తరాలు రాసిన మనిషి.

నాన్న పోయాక అన్న మిలిటరీలో చేరతానంటే, తుపాకీ పట్టని పనైతేనే పొమ్మంది అమ్మ. రేషన్ గోదాములో తక్కెడ పట్టి బియ్యం జోకే పని, అంటే తూచే పని అని నమ్మించి వెళ్లాడు. అమ్మకు చదువు రాదు కనుక ఉత్తరాలు చదివేదాన్ని నేనే. పై కాగితం అమ్మకు, లోపల మడతపెట్టిన చిన్న చీటీ నాకు. తాను కమాండోల్లో ఉన్నాననీ, విమానంలోంచి దూకే ముందు నోరెండిపోతుందనీ, నేల మీదికి దిగాక మాత్రం మస్తు ఆకలేస్తుందనీ అందులో రాసేవాడు. చదివి చింపేసేదాన్ని. ఇబ్రహీంపట్నం బడిలో ఒక్కరికైనా చెప్పుకోలేక కడుపుబ్బిపోయేది. ఎదురింటి పెద్దమ్మేమో, బియ్యం జోకనీకి మిల్ట్రీకి పోవాల్నా అని అమ్మను ఆటపట్టించేది. నా కొడుకు నీడపట్టునున్నడు, నాకు గంతే చాలు అనేది అమ్మ.

మన సైన్యం శ్రీలంకకు వెళ్లినప్పుడు అన్న కూడా వెళ్లాడు. తిరిగి అస్థికలూ, అన్న సామాన్లున్న నల్ల ట్రంకుపెట్టె మాత్రమే వచ్చాయి. వెంట వచ్చిన ఆఫీసరు, గాయపడ్డ ఇద్దరిని మోసుకొచ్చి మూడోవాడి కోసం మళ్లీ వెళ్లినప్పుడు తూటా తగిలిందని చెప్పి, అన్న ఎర్ర కమాండో టోపీ అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ నావైపు తిరిగి, నీకెరుకేనా అంది. తలూపాను. మూడు రోజులు నేను పెట్టిన ముద్ద ముట్టలేదు.

నాలుగో రోజు జుట్టు ముడేసుకుని, నా రెక్క పట్టుకుని వీధిలోకి నడిచింది. మైల ఉన్నవాళ్లు పరుల గడప తొక్కకూడదు కదా, అందుకని ప్రతి ఇంటి ముందూ మట్టిలోనే నిలబడి లోపలివాళ్లను పిలిచింది. “నా కొడుకు బియ్యం జోకెటోడు కాదు, విమానంలకెల్లి దుంకెటోడు. ఉత్తరాలన్ని సదివింది ఇదే, అడుగుండ్రి” అని నన్ను ముందుకు తోసింది. దాచిందంతా చెప్పాను. మొదటి ఇంటి దగ్గర ఏడుస్తూ, నాలుగో ఇంటికొచ్చేసరికి తలెత్తుకుని చెప్పాను. పెద్దమ్మ మైలను లెక్కచేయక కిందికి దిగొచ్చి అమ్మను పట్టుకుంది. ఆ సాయంత్రం అమ్మ నా చేతి ముద్ద తిన్నది.

ఇప్పుడా వీధి నిండా అపార్టుమెంట్లు. హయత్‌నగర్ నుంచి, బడంగ్‌పేట్ నుంచి వచ్చినవాళ్లు ఉంటున్నారు, మంచివాళ్లే. ఆనాడు విన్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు, రెక్క పట్టుకుని నడిపించే అమ్మా లేదు. నాకు మాత్రం మా అన్న సంగతి ఇంకా ఇంటింటికీ చెప్పాలనే ఉంటుంది.