క్యూరింగ్ నీళ్ళలో కప్పలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేము ముగ్గురం బెళ్ళందూరు చెరువు పక్కన, అపార్ట్‌మెంటు కట్టే సైటులో ఒక రేకుల షెడ్డులో ఉండేవాళ్ళం. అన్న బేల్దారి, గోడలు కడతాడు. నేను సిమెంటూ ఇసుకా మాలు కలుపుతాను. వదినది నీళ్ళ పని. కొత్తగా పోసిన కాంక్రీటు ఎండి పగలకుండా దాని మీద చిన్న చిన్న మడులు కట్టి, రెండు వారాలు నీళ్ళు నిలపాలి, క్యూరింగ్ అంటారు. పూటపూటకీ పైపు పట్టుకుని వాటిని నింపేది వదినే. ఆమె నీళ్ళు పెట్టిన స్లాబు ఇంతవరకు ఒక్కటీ బీటవారలేదని మా షెడ్డులో రోజూ వినవచ్చు. చెప్పేది కూడా వదినే.

అంతకుముందు అక్కడ వరి పండేది. పొలం పోయింది కానీ ఆ సంగతి కప్పలకు ఎవరూ చెప్పలేదు. బొటనవేలంత కప్ప, మట్టిరంగు. కొన్నిటికి వీపు మీద తెల్లటి గీత ఉంటుంది. పగలంతా పిల్లర్లకు చుట్టిన తడి గోనెసంచుల్లో దాక్కుని, పొద్దు గూకాక బయటికొచ్చి కూర్చుంటుంది. దాన్ని వేట అనలేను. దోమ నోటి ముందుకొచ్చేదాకా కదలదు. బెళ్ళందూరులో దోమ కోసం ఎక్కువసేపు ఆగాల్సిన పని లేదు. వాన పడితే మగకప్పలు గొంతు కింద బుడగ ఉబ్బించి టిక్కుటిక్కుమని అరుస్తాయి. ఆ ఒంటికి ఆ గొంతు ఎక్కువ.

నేలమట్టం స్లాబు పోసిన మూడు నాలుగు రోజులకే ఒక జంట మూలమడిలో గుడ్లు పెట్టింది. కొత్త సిమెంటు నీళ్ళు ఘాటుగా ఉంటాయి. గుడ్లు తెల్లబడి పోయాయి. ముందు ఇంజనీరును అడిగి పెట్టాల్సింది అన్నాను. వదిన నవ్వలేదు.

"నేను పోసిన నీళ్ళల్లో సచ్చినాయి గదప్పా," అంది.

అది ఆమెకు బాగా పట్టుకుంది. ఆ మడిని చీపురుతో ఊడ్చి కొత్తనీళ్ళు పట్టింది. మర్నాడూ అదే పని. మళ్ళీ వాన పడ్డాక మళ్ళీ గుడ్లు పడ్డాయి, ఈసారి నల్లటి తోకకప్పలు కదిలాయి. అవి కాళ్ళొచ్చి బయటపడితే చాలు, ఆ నెలలో వదినకు వేరే కోరిక లేదు. చిక్కల్లా ఒకటే. స్లాబుకు రెండు వారాలు సరిపోతాయి, కప్పకు నెల కావాలి.

ఎత్తి చెరువులో వేసేద్దామన్నాను. చెరువు మీద అప్పటికే నురగ తేలుతోంది.

"ముందు నువ్వు దిగి నీళ్ళు పోసుకోని రాపో, ఆమైన వాటిని ఏస్తా," అంది.

మాతో పని చేయించే మేస్త్రీ వచ్చి, నీళ్ళు చాలు, రేపటినుంచి గోడలు లేపమన్నాడు. ఆ మూల ఇంకా నానలేదంది వదిన. మేస్త్రీ అన్న వైపు చూశాడు. స్లాబు ఎప్పుడో నానిందని అన్నకు తెలుసు. కాసేపు గడ్డం గోక్కుని, వెలుతురు అటువైపు బాగుంది, అటునుంచి మొదలుపెడతానన్నాడు. మా ఇంట్లో ప్రేమ అంతకుమించి బయటపడదు.

గోడ అటునుంచి వస్తోంది. ఇటు తోకకప్పలు పాచీ, వదిన వేసే అన్నం మెతుకులూ తింటున్నాయి. ముందు వెనకకాళ్ళు వచ్చాయి. ముందుకాళ్ళకు తొందరేమీ ఉన్నట్టు లేదు. అన్న ఇటుక ఇటుకకూ మట్టం చూడసాగాడు. అంత తిన్నటి గోడ అతను మళ్ళీ కట్టలేదు. ఇది గోడా, గుళ్ళో విగ్రహమా అని మేస్త్రీ అడిగిపోయాడు. తర్వాత వచ్చినప్పుడు అడగలేదు. రేపటికి మూల కట్టకపోతే వేరే బేల్దారిని తెచ్చుకుంటానన్నాడు.

మర్నాడు పొద్దున మడిగట్టు మీద వేలిగోరంత కప్పలు కూర్చుని ఉన్నాయి. నాలుగు కాళ్ళూ వచ్చాయి, తోక మాత్రం పూర్తిగా పోలేదు. అప్పుడవి ఏమీ తినవు, కరిగే తోకే తిండి. సద్ది వెంట కట్టుకొచ్చినట్టు. వదిన గోనెసంచులు తడిపి పిల్లర్ల దాకా పరిచింది. ఎండ ముదిరేలోపు ఒక్కొక్కటే వాటి కిందికి దూరాయి. నీళ్ళలో మిగిలిన వెనకబాటు సరుకును నా మాలు బాండ్లీలోకి ఎత్తుకుంది. నన్నడగలేదు. ఆ రోజు మాలు బక్కెట్టుతో మోశాను.

అన్న తాపీ పట్టుకుని నిలబడ్డాడు. "అయిందా మే?"

వదిన వంగి, ఖాళీ మడిని ఇంకోసారి చూసింది.

"నా నీళ్ళు బాగానే ఉండాయి," అంది. "గట్టు తెంచి గోడ కట్టుకో."