పేరయ్య బాబాయి చకోరాలు

ఫోను మాట్లాడుతుంటే చప్పుడు అడ్డమని పిట్టల గదిలో ఏసీ ఆపింది కఫీల్ కొడుకు. మళ్ళీ వేయడం మరిచిందీ అతనే. జూలై ఎండకు ఒక చకోరం చచ్చిపోతే శిక్ష మాత్రం పేరయ్య బాబాయికి పడింది: కొత్త పిల్లలు పుట్టి పెరిగేదాకా సెలవు లేదు. ఏళ్ళ తరబడి ఇల్లు చూడని మనిషి. ఆ మాట విని తలూపి, పంజరం కడగడానికి వెళ్ళిపోయాడు.

బాబాయికి వీసా ఇచ్చి తెచ్చుకున్న అరబ్బు యజమానే కఫీల్. రిఫాలోని అతని ఇంట్లో ఒక చల్లని గది నిండా చకోరాలే. ఎత్తయిన కొండవాలుల్లో పరుగెత్తాల్సిన వేటపిట్టలు. ఎర్ర ముక్కు, కంటి మీదుగా గొంతుదాకా నల్ల పట్టీ. భీమవరం దగ్గర పందెం కోళ్ళు మేపినవాడని, పిట్ట ఏదైనా పిట్టేనని, బాబాయిని అక్కడ పెట్టారు.

నేనప్పుడు అదే దేశంలో, గుదైబియాలో ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేవాణ్ని. పుస్తకాలు చదివి లోకం మీద కోపం పెంచుకోవడం నా అసలు ఉద్యోగం. ఒక శుక్రవారం వెళ్ళి, "చకోరం వెన్నెల తాగి బతుకుతుంది బాబాయ్" అన్నాను.

"అయితే గోధుమల ఖర్చు తప్పింది. ఎన్నెల ఏ కొట్లో అమ్ముతారో కనుక్కుని రా."

తిరగబడమని ఉపన్యాసం ఇచ్చాను. మధ్యలో లాండ్రీ యజమాని ఫోన్ చేస్తే లేచి నిలబడి, "జీ భాయ్, అభీ ఆయా" అన్నాను.

బాబాయి తిరగబడలేదు. పంజరంలో చకోరాలు గుడ్లు పెడుతున్నాయి గాని పొదగడం లేదు. ఆయన ఊళ్ళో చేసినట్టే ఒక నాటుకోడిని తెచ్చి, దాని కింద ఆ గుడ్లు పొదగేశాడు. కఫీల్ కొడుకు నవ్వాడు. నేను పుట్టని పిల్లల మీద విషాద కవిత రాశాను. పిల్లలు పుట్టాయి. ఎక్కడానికి కొండ లేక పెంపుడు తల్లి వీపెక్కాయి. కవిత చింపేశాను.

అవి ఎదిగాక, బదులు మనిషిని చూపించి వెళ్ళమన్నాడు కఫీల్. ఆ వారమే నేను నవల చదువుతూ ఎవరో అరబ్బు తొడుక్కునే తెల్లటి పొడుగు తోబును ఇస్త్రీపెట్టె కింద మాడ్చి పని పోగొట్టుకున్నాను. లోకాన్ని మారుద్దామనుకున్నవాణ్ని బాబాయి బదులు రెట్టలు ఎత్తడానికి చేరాను. చేరిన రోజే ఒక చకోరం నా వేలు పొడిచింది.

బాబాయి పెట్టె కారులో పెట్టి, "రెండు నెలల్లో వచ్చేస్తావుగా?" అని అడిగాను.

ఆయన ఇంటివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"కఫీల్ అడిగితే వచ్చేత్తాడని చెప్పు. ఆడి కొడుకు అడిగినా అదే చెప్పు. నువ్వు మాత్రం ఎదురుచూడకురా అబ్బాయ్."