కాశిం సాహెబ్ పట్టిన నీలిపొగ

కాశిం సాహెబ్ ముక్కు గురించి చిత్తూరులో నాకంటే బాగా చెప్పగలిగినవాడు ఉంటే రమ్మనండి, చూస్తాను. పాకాల రోడ్డులో ఆయన మరమ్మతు షెడ్డు పక్క గదిలోనే నేను బస్సు టిక్కెట్లు కోసేవాణ్ణి. వాళ్ళది తాతల నాటి నుంచి జట్కా చక్రాలు చేసే ఇల్లు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు తగిలించి నడిపినప్పుడు, ఆ పొగ పీల్చీ పీల్చీ ఈయన ఇంజన్ల పని నేర్చుకున్నాడు.

"మా నాయన గుర్రం నోరు సూసి వయసు సెప్పేవాడప్పా. నేను బండి తోక సూసి రోగం సెప్తా" అనేవాడు. గొప్పలకేం తక్కువ లేదు మనిషికి. అయితే ఆ గొప్పలు నిలబెట్టుకునేవాడు కూడా. ముక్కు మొద్దుబారుతుందని ఎప్పటి నుంచో ఉన్న ముక్కుపొడి అలవాటు మానేశాడంటే చూడండి. ఆయన భార్య దిల్షాద్ బీ మాత్రం, "వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతా ఉండాదో ఈయనకు తెలుస్తాది. మా ఇంట్లో ఉప్పు అయిపోయింది మాత్రం తెలీదు" అని దెప్పేది.

ఇక ఆ కారు సంగతి. శెనక్కాయల మిల్లు జయరావు, యుద్ధం ముగిసి వాళ్ళ ఊరికి పోతున్న ఒక దొర దగ్గర రెండు సీట్ల పందెం కారు కొన్నాడు. కొన్నవాడు ఊరుకున్నాడా? మద్రాసుకు తీసుకుపోయి సైలెన్సర్ కోయించి, పెద్ద కార్బురేటర్లు రెండు పెట్టించాడు. అది వస్తూంటే వేలూరు రోడ్డులో ఎద్దులు బెదిరి బండ్లు కాలవలో దిగేవి. దాని డ్రైవరు మా చెల్లెలు వరదమ్మ మొగుడు చెంగయ్య. నోట్లో నాలుక లేని మనిషి. స్టీరింగు పట్టుకుంటే మాత్రం దొరలు కూడా మెచ్చుకునేవాళ్ళు.

దీపావళి మరుసటి రోజు పొద్దున్నే వరదమ్మ ఏడుస్తూ నా గదికి వచ్చింది. పండగనాటి సాయంత్రం నుంచి కారు బుసబుసమని పొగ వదులుతోందట. చెంగయ్య పెట్రోలు అమ్ముకుని, దాని బదులు కిరసనాయిలు కలిపాడని జయరావు పట్టుబట్టాడట. పెట్రోలుకు ఇంకా రేషనే ఆ రోజుల్లో. అలాంటి పని చేసే డ్రైవర్లు లేకపోలేదు. "పోలీసులకు పట్టిస్తా అంటా ఉండాడన్నా. ఈయనేమో నోరే ఇప్పడు. దొంగ అని పేరు పడితే ఇంకెవురు బండి ఇస్తారు?" అంది. ఆమె మాట పూర్తికాకముందే కారు షెడ్డు ముందుకు వచ్చి ఆగింది. రోడ్డంతా పొగ, చుట్టూ జనం.

జయరావు దిగుతూనే, "సాహెబూ, ఇది కిరసనాయిలని నువ్వొక్క మాట సెప్పు సాలు. వీణ్ణి ఇట్నించి ఇట్నే స్టేషన్‌కు తీసుకపోతా" అన్నాడు. చెంగయ్య తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం బావా, నోరు పడిపోయిందా? కలిపినావా, లేదా?" అని అరిచాను. "లేదు బావా" అన్నాడు, అంతే.

కాశిం సాహెబ్ మా ఇద్దర్నీ పట్టించుకోలేదు. ఇంజన్ తిప్పించి, ఉతికిన తెల్లగుడ్డ ఒకటి పొగగొట్టం దగ్గర పట్టుకున్నాడు. గుడ్డ చూశాడు, పొగ చూశాడు, కళ్ళు మూసుకుని వాసన పీల్చాడు.

"నల్లపొగ కాదప్పా, కాబట్టి మద్రాసోళ్ళు పెట్టిన కార్బురేటర్లది తప్పు కాదు. కిరసనాయిలు అసలే కాదు. ఆ కంపు నాకు తెలీదా? ఇది నీలిపొగ. ఇంజన్‌లో నూనె కాలతా ఉండాది."

"అయితే పిస్టన్ రింగులు అరగదీసినాడు! అదీ వీడి పనే!" అన్నాడు జయరావు.

సాహెబ్ తొణకలేదు. ఇంజన్ ఆపించి, నూనె మట్టం చూసే కడ్డీ పైకి లాగి ఎండలో పెట్టాడు. నూనె గీత దాటి పైదాకా అంటి ఉంది.

"రింగులు అరిగిన ఇంజను నూనె తాగతాదప్పా. తాగితే తగ్గాల గదా? ఈడ పెరిగి ఉండాది. నిండు కడుపులో ఇంకా ఎవురో పోసినారు. పోసింది కూడా ఇంజన్ నూనె కాదు." మళ్ళీ వాసన చూసి, నవ్వాపుకుంటూ జయరావు వైపు తిరిగాడు. "ఏమనుకోబాక. నీ తల ఒకసారి వంచప్పా."

"ఏంది?"

"వంచు, సెప్తా."

ఊళ్ళో పెద్దమనిషి, అంతమంది ముందు ఎందుకు వంచాడో గాని వంచాడు. సాహెబ్ ఆ నడినెత్తిన ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. "అదే! నువ్వుల నూనె, మిరియాలేసి కాచింది. నిన్న నీకు తలంటినోళ్ళే దీనికీ అంటినారు!"

జనం గొల్లుమన్నారు. జయరావు ముఖం కందగడ్డలా అయింది. "నాతో ఎగతాళా?" అని లేచాడు. సాహెబ్ కారు కిందికి దూరి, నూనె దించే మర విప్పాడు. బేసిన్ నిండా నూనె దిగింది. దాన్ని పాత పంచెగుడ్డలో వడగట్టి, గుడ్డ జయరావు ముందు పరిచాడు. అడుగున నాలుగైదు మిరియాలు.

జయరావు ఒక మిరియాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. "అమ్మ..." అన్నాడు.

అప్పుడు గాని చెంగయ్య నోరు పెగల్లేదు. జయరావు తల్లి చంద్రకాంతమ్మ పండగనాటి పొద్దున ఇంట్లో అందరికీ తలంటి, నూనె చెంబుతో కారు దగ్గరికి వచ్చిందట. "ఇది మాత్రం మన ఇంటి బిడ్డ గాదా? ఆ నూనె పోసే మూత తియ్యి నాయనా" అందట. వీడు వద్దన్నాడట. ఆమె వినకుండా చెంబెడూ పోసేసిందట. "సెప్తే నువ్వు ఆయమ్మను కసురుకుంటావు. పండగపూట ఆయమ్మ ఏడిస్తే నేను సూడలేనయ్యా" అన్నాడు చెంగయ్య.

పిచ్చిమాలోకం! జైలుకైనా పోతాడు గాని ముసలమ్మను కసరనివ్వడట. తిట్టాలో కౌగిలించుకోవాలో నాకు తెలియలేదు. వరదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. జయరావు మాత్రం ఒక్క మంచి మాట అనలేదు. తాళంచెవి చెంగయ్య చేతిలో పెట్టి, "ఇంటికి పోనీ. మాయమ్మకు ఏమీ సెప్పబాక" అన్నాడు. దొంగ అనడానికి నోరొచ్చినవాడికి, కాదనడానికి రాలేదా?

సాహెబ్ వాళ్ళను వెంటనే పోనివ్వలేదు. ఇంజన్ కడిగి కొత్త నూనె పోశాడు. తర్వాత నూనె పోసే అసలు మూత పక్కనే, మూతగల చిన్న రేకు డబ్బా ఒకటి బిగించాడు. ఇదెందుకని జయరావు అడిగితే, "మీయమ్మకు. వచ్చే పండక్కి ఇందులో పోసుకోమను. ఇంజన్‌లోకి దోవ లేదులే" అన్నాడు. మద్రాసులో చేయించిన మార్పులన్నిటికంటే ఇదే గొప్పదని ఈ రోజుకీ అంటాను.

మరుసటి దీపావళికి చంద్రకాంతమ్మ మమ్మల్ని కూడా పిలిచింది. కొడుక్కి తలంటింది. రేకు డబ్బాలో చెంచాడు నూనె పోసి, "సల్లగా ఉండు నాయనా" అని కారును నిమిరింది. తర్వాత, "చెంగయ్యా, నువ్వూ కూసో" అంది. జయరావు తల్లి చేతిలోని గిన్నె అందుకున్నాడు.

"నేను అంటుతాలేమ్మా" అన్నాడు. "పోయినేడు వీణ్ణి అనరాని మాట అనేసినాను."

చెంగయ్య వద్దు వద్దంటూ లేవబోతే, భుజం పట్టి కూర్చోబెట్టి నడినెత్తిన నూనె పెట్టాడు. వాడి కన్నీళ్ళు బొటబొటా కారిపోయాయి. ఏంటయ్యా అంటే, కళ్ళలో మిరియాల నూనె పడిందన్నాడు.

నూనె ఇంకా వాడి నుదుటి దాకా కూడా దిగలేదు.