వాన రేసుకు తయారైన టీచరమ్మ కారు

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. రాదని ఒప్పుకోవడం ఒక్కటే రాదని తెలిసేసరికి ముప్పై దాటాయి. పాలిటెక్నిక్ చదువు ముగించి, వనపర్తి బస్టాండు అవతల ఒక మోటారు షెడ్డులో చేరిన కొత్త. షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడు. నేను చప్పుడు వినకుండానే చెప్పేవాణ్ణి. (చెప్పిన జబ్బు ఒకటి, ఉన్న జబ్బు ఇంకొకటి అయినప్పుడు "రెండూ ఉన్నయి సార్" అనేవాణ్ణి.) అలాంటి రోజుల్లో, జూలై నెలలో ఒక మధ్యాహ్నం, ఒక తెల్లటి పాత చిన్న కారు షెడ్డు ముందు ఆగింది. అందులోంచి నాకు తొమ్మిదో తరగతిలో సైన్స్ చెప్పిన టీచర్ దిగారు. పక్క సీటులోంచి ఆమె భర్త దిగారు. ఆయన ఆత్మకూరు పశువుల దవాఖానలో కంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. దిగాక కూడా ఆయన చేయి హ్యాండ్‌బ్రేకు పట్టుకున్నట్టే వంకరగా ఉంది.

ఆ చేయి అలా ఎందుకుందో తర్వాత తెలిసింది. టీచర్ ముప్పై ఏళ్లు బస్సుల్లో నిలబడి ఊరూరి బడికి తిరిగి, రిటైరవడానికి కొంచెం ముందు డ్రైవింగ్ నేర్చుకున్నారు. ఆమె బండి తీసిన ప్రతిసారీ సార్ పక్కన కూర్చుని, "మెల్లగ, మెల్లగ" అంటూ ఒక చేత్తో బ్రేకు పట్టుకునేవారు. చివరికి ఆయన ఆ భయం పడలేక, కొల్లాపూర్‌లో ఎవరికో బండి అమ్మేస్తానని మాట కూడా ఇచ్చారు. సరిగ్గా అప్పుడే గద్వాల దగ్గర కార్ల పందెం పెడుతున్నారని టీచర్‌కు తెలిసింది. పట్నం నుంచి కార్ల పిచ్చి ఉన్న కొందరు వచ్చి, ప్లాట్లు అమ్ముడుపోని ఒక వెంచరు అద్దెకు తీసుకుని, మట్టి దారిలో గడియారం పెట్టి ఒక్కొక్క బండినే మూడు చుట్లు తిప్పిస్తారట. వయసు పట్టింపు లేదు. పాత చిన్న బండ్లయినా పరవాలేదు.

"అమ్మేటందుకు నేను అడ్డం రాను. గని అమ్మేముందుగాల ఒక్కసారి ఎవ్వరు మెల్లగ అననిచోట నడుపాలె" అన్నారు టీచర్.

"మూడు చుట్లు ఆగకుంట తిరిగి, నీ అంతట నువ్వు బయటికొస్తే ఇగ అమ్మే మాట ఎత్త. నడుమల ఆగితే తాళాలు నా చేతిల పెట్టాలె. సాక్షి గీ పిల్లగాడు" అన్నారు సార్.

టీచర్ నా వైపు తిరిగారు. "ఏంరా, వానల రేసుకు బండి తయారు చేసుడు నీకొస్తదా?"

అప్పటికి రేసు కారును నేను ఫోన్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. "రాకపోవుడేంది టీచర్! పోయినేడు రెండు చేసిన" అన్నాను. వెనక ట్రాక్టరు కింద పడుకుని ఉన్న ఉస్తాద్ ఒక్కసారి తల బయటికి పెట్టి నన్ను చూసి, మళ్లీ లోపలికి పెట్టుకున్నాడు. వాళ్లు వెళ్లాక, "గా రెండు కార్లు ఏడున్నయి బిడ్డా?" అని మాత్రం అడిగాడు. నేను స్పానరు వెతుకుతున్నట్టు నటించాను.

వారం రోజులు బండి నా చేతిలో ఉంది. రోజంతా షెడ్డు పని, సాయంత్రం ఉస్తాద్ వెళ్లాక రేసు పని. ఫోన్‌లో వీడియోలు చూశాను. రేసు బండి తేలిగ్గా ఉండాలన్నాడు ఒకాయన. వెనక సీటు పీకేశాను, కింద పరిచిన కార్పెట్ పీకేశాను, డాష్‌బోర్డు లోపలున్న గాలి కొట్టే బ్లోయరు కూడా పీకేశాను. (వానలో చల్లగా ఉంటుంది కదా, గాలెందుకు అని నా తర్కం.) తడి నేల మీద టైర్లలో గాలి పెంచాలన్నాడు ఇంకొకాయన, తగ్గించాలన్నాడు మరొకాయన. ఒకరు గట్టి తారు ట్రాక్ గురించీ మరొకరు బురద గురించీ చెబుతున్నారని నాకు తట్టలేదు. ఎవరి మాటా కాదనలేక ముందు టైర్లకు పెంచమన్నాయన మాట, వెనక టైర్లకు తగ్గించమన్నాయన మాట విన్నాను. వెడల్పు టైర్లు ఉంటే మంచిదని చదివి, ఎక్కడో పడి ఉన్న జత తెచ్చి బిగిస్తే, స్టీరింగ్ తిప్పగానే అవి మడ్‌గార్డుకు రాసుకుని బర్రె అరిచినట్టు అరిచాయి. తీసేసి పాత సన్నటి టైర్లే పెట్టాను. లోపలికి నీళ్లు రాకూడదని బండి అడుగున ఉన్న రంధ్రాలన్నీ వెతికి వెతికి మైనంలాంటి సీలెంటుతో మూసేశాను. అదే నా గొప్ప పని అనుకున్నాను.

ఇంజనులో నీళ్లు పడకూడని చోటు ఒకటుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా అది. అది తడిస్తే బండి అక్కడికక్కడే చచ్చిపోతుంది. దాన్ని ఎలా కప్పాలా అని చూస్తుంటే, బుధవారం కంపౌండర్ సార్ ఒక్కరే బస్సులో వచ్చారు. బండి సంగతి అడగడానికి రాలేదన్నట్టు కాసేపు రోడ్డు వైపు చూసి, సంచిలోంచి ఒక పొడుగాటి రబ్బరు తొడుగు తీశారు. గొడ్ల కాన్పులప్పుడు భుజం దాకా వేసుకునేది.

"ఒక్కొక్క వేలికెల్లి ఒక్కొక్క వైరు తీయ్. నీళ్లు పోవు. మా డాక్టరు సారు జీపుకు గట్లనే చేసేటోడు" అన్నారు.

"సార్, మీరు బండి ఆగిపోవాలె అనుకుంటలేరా?"

"ఆగాలెననే ఉంది. కని వానల నడి నీళ్లల ఆగితే ఆమె దిగి నెట్టాలె కద. ఆమెకు మోకాళ్ల నొప్పి" అని, వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్లిపోయారు.

తొడుగు మణికట్టు దాకా కత్తిరించి డబ్బాకు తొడిగాను. వైర్లు నాలుగు, వేళ్లు అయిదు. మిగిలిన చిటికెన వేలు బానెట్ తెరిచినప్పుడల్లా ఎవరినో పిలుస్తున్నట్టు నిక్కి నిలబడేది. షెడ్డులో పైపుతో బండి మీద నీళ్లు కొట్టి పరీక్ష కూడా చేశాను. చుక్క లోపలికి రాలేదు. (పరీక్ష చేసినప్పుడు నేను బయట ఉన్నాను. లోపల మనిషి ఉంటే ఏమవుతుందో అనే ప్రశ్న నాకు రాలేదు.)

ఆదివారం పొద్దున బండి ఆత్మకూరుకు తోలుకుపోయాను. అక్కడి నుంచి టీచర్ స్టీరింగ్ పట్టారు, సార్ పక్కన కూర్చున్నారు, నేను సీటు లేని వెనక భాగంలో పానాల పెట్టె మీద కూర్చున్నాను. జూరాల కట్ట మీదకు వచ్చేసరికి గేట్లు ఎత్తారని చూడ్డానికి వచ్చిన జనం గొడుగులతో రోడ్డంతా నిండిపోయారు. సన్న తుంపర, అద్దాలు దించుకునే ఉన్నాం, అంతా హాయిగా ఉంది. "మెల్లగ" అని సార్ పదహారుసార్లు అన్నారు. నేను లెక్కపెట్టాను, నాకు వేరే పని లేదు.

గద్వాల దాటి వెంచరు కమాను కిందికి వచ్చేసరికి వాన కుండపోతగా మారింది. హద్దురాళ్ల నడుమ ఎర్ర మొరం దారి, దిగువన మాత్రం మొరం కొట్టుకుపోయి నల్లరేగడి బయటపడి చెరువులా నిలిచిన నీళ్లు. మాకు ముందు వచ్చినవన్నీ వెడల్పు టైర్ల పెద్ద బండ్లు, రంగు రంగుల గీతలు. మేం అద్దాలు ఎక్కించి వరసలో నిలబడ్డాం. ముగ్గురి ఊపిరికి రెండు నిమిషాల్లో ముందు అద్దం పాలు పోసినట్టు తెల్లగా అయిపోయింది.

బండ్లు తనిఖీ చేసే ఆయన గొడుగు పట్టుకుని వచ్చి కిటికీ కొట్టాడు. "అద్దం కనిపిస్తలేదు. బ్లోయర్ ఎయ్యండి మేడమ్" అన్నాడు.

టీచర్ మీట నొక్కారు. ఏమీ జరగలేదు. ఇంకోసారి నొక్కారు.

"బ్లోయర్ ఏదిరా?"

"వనపర్తిల ఉంది టీచర్" అన్నాను.

ఆ తనిఖీ ఆయన వంగి టైర్లు చూసి, "ముందు రాయిలెక్క ఉన్నయి, వెనక మెత్తగున్నయి. గీ బండి ఎవరు తయారు చేసిన్రు?" అన్నాడు. వాన చప్పుడులో కూడా ఆ ప్రశ్న నాకు స్పష్టంగా వినబడింది. దిగువన నీళ్లు కనిపిస్తున్నాయి. టీచర్ నెత్తిన అరువు తెచ్చిన హెల్మెట్టు, అందులోంచి కళ్లజోడు. ఆ నీళ్లలోకి ఆమెను పంపబోతున్నది నా అబద్ధమే అని అప్పుడు తట్టింది.

"టీచర్, నేను రేసు బండి ఎన్నడు చెయ్యలే. అసలు చూడనే లేదు. అబద్ధం చెప్పిన. పోదాం, వాపస్ పోదాం" అన్నాను. సార్ నా వైపు కాకుండా ఆమె వైపు చూశారు.

టీచర్ హెల్మెట్టు సర్దుకున్నారు. "నాకు మొదటిరోజే ఎరికరా. జవాబు రాకుంటే తరగతిల కూడా నువ్వు గిట్లనే ముందుగాల చెయ్యెత్తేటోనివి" అన్నారు. "ఒక్కటి నిజం చెప్పు. బ్రేకులు నువ్వే చేసినవా?"

"లేదు టీచర్. బ్రేకులు ఉస్తాదే విప్పి బిగించిండు. నన్ను ముట్టుకోనియ్యలే."

"అయితే భయం లేదు. దిగు. కాలు పంపు తీయ్, నాలుగు టైర్లకు గాలి సమానం చెయ్, జర మెత్తగ ఉంచు. అద్దం సంగతి నేను చూస్త." ఆమె సంచిలోంచి సబ్బుబిళ్ల తీసి, పొడి గుడ్డతో అద్దం లోపల పలుచగా పూసి తుడిచారు. తడి గాలి, చల్లటి అద్దం, నీటి ఆవిరి అంటూ తొమ్మిదో తరగతి పాఠం మొత్తం మళ్లీ చెప్పారు. వానలో పంపు తొక్కుతూ ఆ పాఠం నేను మొదటిసారి అర్థం చేసుకున్నాను.

పక్కన ఒకరు కూర్చోవచ్చని నిబంధన. నేను తలుపు తీయబోతే సార్ కదలలేదు. "నేనే కూసుంట. ఇన్నేండ్ల సంది ఆమె పక్కన నేనే కూసున్న, గిప్పుడు నువ్వేంది కొత్తగ" అని తనే బెల్టు పెట్టుకున్నారు. నేను తాడు అవతల నిలబడ్డాను.

మాకంటే ముందు పోయిన పెద్ద బండి దిగువ మలుపులో రేగడిలో కూరుకుపోయింది. టైర్లకు మట్టి ముద్దలు పట్టి, చక్రాలు గుండ్రటి బూందీ లడ్డూల్లా అయ్యాయి. ట్రాక్టరు కట్టి లాగారు. ఆ తర్వాత జెండా ఊపారు, మా తెల్ల బండి కదిలింది. మొదటి చుట్టు జాగ్రత్తగా పోయింది. రెండో చుట్టులో అద్దం మళ్లీ మసకబారినట్టుంది, సార్ పక్క కిటికీ పూర్తిగా కిందికి దిగింది. వాన నేరుగా ఆయన ఒళ్లోకి పడుతోంది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి అద్దం లోపల అటూ ఇటూ తుడుస్తున్నారు. అంటే రెండు చేతులూ తువ్వాలు మీదే ఉన్నాయి. హ్యాండ్‌బ్రేకు మీద ఏదీ లేదు.

మూడో చుట్టులో దిగువ నీళ్లలో బండి బుడుంగున దిగి, ఒకసారి దగ్గి, రెండుసార్లు దగ్గి, దాదాపు ఆగిపోయింది. తాళాలు, కొల్లాపూర్ ఆసామి, టీచర్ మోకాళ్లు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అప్పుడు కిటికీలోంచి సార్ గొంతు, నేను ఎన్నడూ వినని ఎత్తులో వినిపించింది. "ఆపకు! తొక్కు! గట్టిగ తొక్కు!" ఇంజను అరిచింది. సన్నటి టైర్లు రేగడిని కోసుకుంటూ కింది గట్టి నేల పట్టుకున్నాయి. బండి పక్కకు జారింది, నిలదొక్కుకుంది, ఎర్ర మొరం మీదికి ఎక్కింది. పూర్తి చేసిన వాళ్లలో మాది చివరి స్థానం. కాని పూర్తి చెయ్యని వాళ్లే ఎక్కువ.

పరుగెత్తుకెళ్లి సార్ వైపు తలుపు తీశాను. లోపలి నుంచి కాలువ తెగినట్టు నీళ్లు నా కాళ్ల మీద పడ్డాయి. వాటితో పాటు సార్ చెప్పు ఒకటి వచ్చింది. నేను మూసిన రంధ్రాల దయ వల్ల, కిటికీలోంచి పడ్డ వాన మొత్తం వాళ్ల పాదాల దగ్గర భద్రంగా ఉండిపోయింది. "గింత మంచిగ ఎట్ల మూసినవ్‌రా? మా ఇంటి నీళ్లట్యాంకు ఉరుస్తుంది, నువ్వే వచ్చి చెయ్యాలె" అన్నారు టీచర్. నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తడి వానదేనా అని నేను అడగలేదు.

తిరుగు దారి పట్టాం. జూరాల దాటాక సార్, "కొల్లాపూర్ ఆయనకు ఫోన్ చేసి చెప్త, బండి మొత్తం నానింది, అమ్మేటట్టు లేదని" అన్నారు. టీచర్ రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, "అవును, మస్తు నానింది" అన్నారు. ఆ బండి ఇంకో ఆరేళ్లు ఆత్మకూరు వీధుల్లో తిరిగింది. తర్వాతి వారం బ్లోయరూ సీటూ ఉస్తాద్ ఎదుట బిగించాను. ఆ రెండు కార్ల గురించి నా అంతట నేనే ఆయనకు నిజం చెప్పాను. "ఎరికే" అన్నాడు. ఆ వారమంతా అందరూ అదే మాట.

ఆ రేసు రోజు సాయంత్రం ఆత్మకూరులో వనపర్తి బస్సెక్కినప్పుడు తల నుంచి కాళ్ల దాకా బురదగా ఉన్నాను. కండక్టరు సీటు పాడవుతుందని ఫుట్‌బోర్డు దగ్గరే ఆపేశాడు. "ఏడ పొర్లినవయ్యా?" అన్నాడు.

"కార్ల రేసుకెల్లి వస్తున్న."

"గెలిచిన్రా?"

"పూర్తి చేసినం" అన్నాను.

ఎంత గొప్పగా అన్నానంటే, ఆయన తన సీటు మీద పాత పేపరు పరిచి నన్ను కూర్చోబెట్టాడు. తర్వాత నేను ఎన్నో బండ్లు బాగుచేశాను. ఇంతకంటే పెద్ద పనులే చేశాను. కాని ఏ పని గురించీ ఆ రెండు మాటలు అంత ధీమాగా అనలేకపోయాను. వానాకాలం సాయంత్రాల్లో ఆత్మకూరు బస్సు షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే, కండక్టరు సీటులో బురద మొహంతో కూర్చున్న ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, ఒక్కసారి చూడాలనిపిస్తుంది. కనిపిస్తే సలహాలేమీ చెప్పను. పక్కన కాస్త చోటు ఇమ్మంటాను, అంతే.