చింతచేవ బంతి, పటాన్‌చెరు గచ్చు

నేను సంగారెడ్డి ఆడపిల్లల బడిలో టీచరుగా చేరిన ఏడాది, మా పెద్ద టీచరమ్మ పిల్లల కోసం ఒక ఆట సామాను చేయించింది. తొమ్మిది కట్టె బొమ్మలు, ఒక చింతచేవ బంతి. బొమ్మల్ని దూరంగా నిలబెట్టి, బంతిని నేల మీద దొర్లించి పడగొట్టాలి. ఆమెకు యాభై దాటాయి. ఉర్దూలో చదువుకున్న మనిషి, నవ్వడం తక్కువ. మేమంతా ఆపా అని పిలిచేవాళ్లం.

బంతి నున్నగానే ఉంది కానీ ఒకవైపు బరువు. వదిలాక ఎడమకు ఒరిగేది. మంచం కోళ్లను తరిమెన మీద తిప్పుతూ చెక్కి నునుపు చేసే ముసలాయనే దాన్ని చేశాడు. తీసుకుపోయి చూపించాను.

"చేవ ఒక్కదిక్కు ఎక్కువున్నది బిడ్డా. గది కట్టె గుణం, నేనేం జేస్త? దాని నడక నువ్వే నేర్చుకో," అన్నాడు.

నేర్చుకున్నాం. మేం ఆడే బడి వాకిలి అలికిన మర్నాడు నేల ఇంకా మెత్తగా ఉండి బంతిని పట్టుకునేది. సగం దారిలోనే పక్కకు తిరిగేది. నాలుగు రోజులు ఎండ కాసి నేల గట్టిపడితే ఇంకాస్త దూరం పోయి తిరిగేది. పిల్లలు దానికి తగ్గట్టు కుడివైపుకు గురి చూసి, బలంగా విసరడం అలవాటు చేసుకున్నారు.

ఆ చలికాలం పటాన్‌చెరు ఆడపిల్లల బడివాళ్లు ఆటకు పిలిచారు. ఐదుగురు పిల్లల్ని, మా బంతిని తీసుకుని ఆపా, నేను బస్సులో వెళ్లాం. వాళ్ల బడి ఒక పాత బంగళాలో ఉండేది. లోపల సున్నపు గచ్చు, ముఖం కనిపించేంత నునుపు.

మొదటి వేటుకే మాకు నేలలో తేడా అర్థమైంది. అది తిరగలేదు. జారుకుంటూ నేరుగా పోయి, బొమ్మలకు కుడివైపు గోడకు కొట్టుకుంది. రెండోదీ అంతే. వాళ్ల పిల్లలు ఒక్కొక్కరే ఆరేడు పడగొడుతున్నారు. చివరి వంతు టీచర్లది. నేను లేవబోతుంటే ఆపా నేల మీద కూర్చుని అరచేత్తో గచ్చును నిమిరింది.

"సూడమ్మ, ఈ నేల దాన్ని పట్టుకుంటలేదు. మీరేమో జల్దీ జల్దీ ఇసురుతున్నరు. తిరగనీకె దానికి టైమేది? జెర నిమ్మళంగ వదలాలె."

"మీరే వెయ్యండి ఆపా," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా వంక చూసింది. తర్వాత కొంగు నడుముకు బిగించి, వంగి, పసిబిడ్డను కింద పెట్టినట్టు బంతిని వదిలింది. అది ఎంత మెల్లగా పోయిందంటే, వాళ్ల టీచరొకామె మధ్యలోనే ఆగిపోతుందనుకుని తీయడానికి లేచింది. బొమ్మల దగ్గరికి వచ్చాక బంతి నింపాదిగా ఎడమకు ఒరిగి, నడిమి బొమ్మను తాకింది. ఎనిమిది పడిపోయాయి. మా పిల్లల కేకలకు పక్క గదిలోని తరగతి కూడా బయటికొచ్చింది.

మేము ఓడిపోయాం. అది ఎవరికీ పట్టలేదు. వాళ్ల టీచర్లు ఆపా చుట్టూ చేరి నేర్పమన్నారు. ఆమె ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని వదలడం చూపిస్తూ, మధ్యలో తనూ వేస్తూ, "ఇంకొక్కసారి," అంటూనే ఉంది. బస్సు వెళ్లిపోయిందని నేను చెబితే, "పోనీ తీ, ఇంకోటొస్తది," అని బొమ్మలు తనే నిలబెట్టింది.

ఆమె అంత గట్టిగా నవ్వగా నేను చూడడం అదే మొదలు.