రెండు స్కీలూ వెనక్కి వచ్చాయి

మొన్న శనివారం పొద్దున మా అమ్మాయి ఫోన్‌లో రెండు ఫొటోలు చూపించి, వీటిలో ఏది కొనాలో లెక్క చూసి చెప్పమంది. రెండూ ఒకే కంపెనీ ఒకే పేరుతో అమ్మిన పౌడర్ స్కీలు, పొడి మంచు మీద జారడానికి కాళ్లకు తొడిగే చెక్కలు. ఒకటి ఇరవై ఏళ్ల కిందటి రకం, హాబ్సన్‌విల్‌లో ఎవరో గ్యారేజీ ఖాళీ చేస్తూ అమ్ముతున్నారు. రెండోది నిరుడు వచ్చిన రకం, హామిల్టన్‌లో ఒక కుర్రాడు ఒక్క చలికాలం వాడి అమ్మకానికి పెట్టాడు. ఆమె పాతదని చూపించిన స్కీని నేను ముక్కు మీది నారింజ రంగు చారను బట్టి గుర్తుపట్టాను. నేను చివరిసారి చూసిననాడు అది కొత్తది.

ఫొటో చూసి సరుకు కొనే అలవాటు నాకు లేదు కనుక, టేపూ, ఇండియా ప్రయాణాలప్పుడు సూట్‌కేసులు తూచుకునే చేతి త్రాసూ కారులో పడేసి, ఆక్లండ్‌లో మేముండే ఫ్లాట్ బుష్ నుంచి ముందు హాబ్సన్‌విల్‌కూ, అక్కడినుంచి హామిల్టన్‌కూ వెళ్లాం. నేను ఇంజినీరును కాను. చదివింది బిజినెస్ డిప్లొమా, చేసేది గోదాములో సరుకు లెక్కల పని. కొలతలూ బలాల లెక్కలూ పనిలో పడి నాకు నేనే నేర్చుకున్నవి. అయినా అమ్మాయికి నా త్రాసు మీద నమ్మకం ఎక్కువ.

ఈ స్కీల సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. గట్టిగా అణిచిన మంచు మీద జారడానికి సన్నని స్కీ చాలు. అదే స్కీ అప్పుడే కురిసిన పొడి మంచులో బియ్యప్పిండిలో చెంచా దిగినట్టు దిగిపోతుంది. అందుకని పొడి మంచుకు వేరే స్కీలు చేస్తారు, వెడల్పుగా, ముక్కు పైకి లేచి, తెప్పలా తేలేటట్టు. హాబ్సన్‌విల్ స్కీ నడుము వెడల్పు నూట పద్దెనిమిది మిల్లీమీటర్లు, ఒక్కొక్కటి రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. హామిల్టన్‌ది నూట పన్నెండు, పంతొమ్మిది వందల గ్రాములు. రెండింటి మీదా పొడవు నూట ఎనభై ఐదు సెంటీమీటర్లనే అచ్చు వేసి ఉంది గాని, ముక్కు వంపు తిరిగిన స్కీకి అడుగు వెంట టేపు పరిచి కొలిస్తే ఒక లెక్క, ఈ కొసనుంచి ఆ కొసకు నేరుగా కొలిస్తే ఒక లెక్క వస్తుంది. నేరుగా కొలిస్తే కొత్తది రెండు సెంటీమీటర్లు పొట్టిది. అమ్మాయి ఇవన్నీ ఫోన్‌లో రాసుకుంటూ, పాతది బలంగా ఉంది కదా, చవక కూడా కదా అని అడిగింది. నేను కొత్తదే తీసుకోమన్నాను. కారణం అరకిలో తేడా అని చెప్పాను. అది నిజమే, కాని మొత్తం నిజం కాదు.

ఆ నారింజ చార స్కీని నేను మొదట చూసింది సౌత్ ఐలాండ్‌లో, కొండల కింద ఉన్న ఒక చిన్న ఊళ్లో, మా బావ చేతుల్లో. బావ అంటే మా అక్క భర్త. నాకన్నా ఏడాది ముందు ఇక్కడికి చదువుకు వచ్చి, నన్నూ రమ్మని రాసి, నేను దిగిన రోజున తన మంచం నాకిచ్చి తాను కింద పడుకున్న మనిషి. చదువులు అయ్యాక ఇద్దరం ఆ ఊళ్లో స్కీలు అమ్మే, అద్దెకిచ్చే షాపులో పనికి కుదిరాం. అక్క కరీంనగర్‌లో నెలల పాపతో ఉంది. బావకు ఏడాది పొడుగునా ఉండే ఉద్యోగం దొరికితే దాని మీద వీసా, వీసా మీద అక్కా పాపా ఇక్కడికి రావడం, అదీ వరస. పాపకు పాస్‌పోర్టు కూడా తీయించి పెట్టారు.

బావ వాళ్ల నాన్నకు కరీంనగర్‌లో సైకిల్ షాపు ఉండేది. అందుకని ఆ వర్క్‌షాపులో బావ చెయ్యి మొదటి వారంలోనే కుదిరిపోయింది. రాళ్లు తగిలి స్కీ అడుగున గీతలు పడితే, ప్లాస్టిక్ కడ్డీని వెలిగించి చుక్కలు చుక్కలుగా గీతలో పోసి, ఆరాక చదునుగా గీకాలి. బావ దాన్ని చేస్తూ, "పంచర్ ఏసుడే గదరా ఇది, జర ఖరీదు పంచర్" అనేవాడు. మా ఓనర్ అరవై దాటిన కివీ మనిషి, అంటే ఇక్కడివాడే, మాట తక్కువ. ఆయన ఒకరోజు బావ పని చూసి, ఎండాకాలం ఇక్కడ సైకిళ్లు అద్దెకిస్తామనీ, సైకిళ్లు తెలిసినవాడైతే ఏడాదంతా ఉంచుకుంటాననీ, సీజన్ ముగియగానే కాగితాలు చూద్దామనీ అన్నాడు. ఆ సాయంత్రం బావ అక్కకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. అక్క ఉన్ని బట్టలు అక్కడ కొనాలా ఇక్కడ కొనాలా అని అడిగిందట.

షాపులో అప్పటికి పౌడర్ స్కీలు ఒకే రకం, ఆ పేరుతో వచ్చిన మొదటి రకం, ఉండేవి. నడుము తొంభై ఐదు, ముక్కు దగ్గర తప్ప ఎక్కడా వంపులేని బల్ల చెక్కలు. వాటిమీద పొడి మంచులోకి దిగితే ముక్కు మునగకుండా వెనక్కి వాలి నిలబడాలి, పది మలుపులు తిరిగేసరికి తొడలు మండిపోతాయి. సెలవు రోజుల్లో కొండ మీదికి పోయి బావ వాటిమీదే నేర్చుకున్నాడు. నేను గట్టి మంచు వదిలి పక్కకు పోయేవాణ్ని కాదు. ఒకసారి బావ పొడి మంచులో పడ్డాడు, కాలినుంచి ఒక స్కీ ఊడి మంచు లోపలికి దూరిపోయింది. గట్టి మంచు మీదైతే స్కీకి ఉండే బ్రేకు దాన్ని ఆపుతుంది. పొడి మంచులో బ్రేకు దేనికీ పట్టదు, స్కీ చేపలా లోపలే ఈదుకుంటూ పోతుంది. బావ కర్రతో పొడిచి పొడిచి వెతికాడు. దొరికేసరికి మధ్యాహ్నం షిఫ్టుకు ఆలస్యమైంది. ఓనర్ ఏమీ అనలేదు గాని, బావ ఆ వారమంతా తల ఎత్తలేదు.

ఆగస్టు చివర, అంటే ఇక్కడ చలికాలంలోనే, నారింజ చారల కొత్త రకం వచ్చింది, షాపుకు ఒకే ఒక జత. అమ్మే ముందు పనివాళ్లు ఒక పూట తొక్కి చూడాలనేది అక్కడి ఆనవాయితీ. తొక్కనిదాని గురించి గిరాకీకి ఏం చెబుతారని ఓనర్ వాదన. బావకు ఆ పని అప్పగిస్తూ, రెండూ వెనక్కి తీసుకురా అన్నాడు. అంటూ నవ్వాడు కూడా. అక్కడివాళ్లు ప్రతిదానికీ అలా ఒక మాట అంటారు, దానికి అర్థమేమీ ఉండదు. మాకప్పటికి ఆ సంగతి తెలియదు. ఓనర్ నోట వచ్చిన మాట మాకు ఆర్డరే.

పడినప్పుడు కాలు విరగకుండా స్కీ ఊడిరావాలి. కాలినుంచి ఎంత బలానికి ఊడాలనేది బైండింగు, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు, మీద ఒక చిన్న కిటికీలో అంకెగా కనిపిస్తుంది. మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, నేర్పు, ఇవన్నీ పట్టికలో చూసి ఆ అంకె పెట్టాలి. బావకు పట్టిక చెప్పిన అంకె ఆరు. పొడి మంచులో బాగా తిరిగేవాళ్లు కొందరు స్కీ ఊడి పోకుండా దాన్ని ఒకటో రెండో పెంచుకుంటారు, అదీ వాళ్ల కాళ్ల మీద వాళ్లకున్న నమ్మకంతో. బావ నేను రాకముందే పొద్దున్నే షాపు తెరిచి, స్క్రూ తిప్పి పన్నెండుకు పెట్టాడు. ఆ కిటికీకి అదే చివరి అంకె.

ఆ పూట బావ దిగిన తీరు నేను కింద నిలబడి చూశాను. పాత స్కీల మీద ఎప్పుడూ వెనక్కి వాలి, దవడ బిగించి దిగే మనిషి ఆరోజు నిటారుగా, చేతులు వదులుగా, ఎవరో కిందనుంచి మోస్తున్నట్టు వచ్చాడు. స్కీ ముక్కులు మంచు పైనే ఉన్నాయి. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడా కాదది, స్కీకీ స్కీకీ మధ్య తేడా, ఆ ఇరవై మూడు మిల్లీమీటర్లదీ ఆ వంపుదీ. ఇదే పాత స్కీ అయితే అంత దూరం రాకుండానే అలసిపోయి ఆగేవాడని తరువాత చాలాసార్లు అనుకున్నాను.

పడింది వేగంలో కాదు. దాదాపు ఆగిపోయాక, నా దగ్గరికి వచ్చి చెప్పడానికి తిరుగుతుండగా, గాలికి గట్టిపడిన మంచు పెళ్ల కింద ఎడమ స్కీ వెడల్పు ముక్కు ఇరుక్కుంది. ఒళ్లు తిరిగింది, స్కీ తిరగలేదు, ఊడనూ లేదు. వేగంగా పడితే దెబ్బ బలానికే ఒక్కోసారి ఊడుతుంది. నెమ్మదిగా మెలిపడి పడటమే అన్నిటికన్నా చెడ్డది. చప్పుడేమీ కాలేదు. బావ కూర్చున్నట్టే పడ్డాడు. నేను మంచులో మోకాళ్లమీద పాకుతూ దగ్గరికి వెళ్లేసరికి ముఖం సున్నం కొట్టినట్టుంది, కాలు మోకాలి కింద ఉండకూడని వైపుకు తిరిగి ఉంది.

"రెండున్నయా రా?" అన్నాడు.

ఉన్నాయని చెప్పాను. రెండూ ఆయన కాళ్లకే ఉన్నాయి.

కొండమీద గస్తీ తిరిగేవాళ్లు వచ్చి, బావను బండి మీద కట్టి దించారు. స్కీలు నేను భుజాన వేసుకుని నడిచి దిగాను. దారిలో ఒకచోట దింపి మంచు తుడుస్తుంటే ఎడమ బైండింగు కిటికీలో పన్నెండు కనిపించింది. నా కన్నే సరిగా లేదేమోనని కుడిది చూశాను. అదీ పన్నెండే.

ఎముక మెలితిరిగి పగిలింది, మోకాలి లిగమెంట్లు రెండు తెగాయి. ప్లేటూ స్క్రూలూ వేశారు. వైద్యానికి ఈ దేశం మా దగ్గర ఒక్క డాలరు తీసుకోలేదు, ఆ మాట చెప్పుకోవాలి. ఓనర్ ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చుని, కొత్త స్కీ కదా, పోతుందేమోనని బిగించానని బావ చెప్పగానే టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పోయిన స్కీ ఏదీ పోదని, మంచు కరిగాక నవంబరులో పనివాళ్లమంతా కొండెక్కి, ఆ ఏడాది ఎవరెవరివి పోయాయో అన్నీ గడ్డిలో ఏరుకొస్తామని, ఆ సాయంత్రం అందరం కలిసి మాంసం కాల్చుకుని తింటామని చెప్పాడు. నిరుడు ఎనిమిది దొరికాయట. ఆయన ఓదార్పుగానే చెప్పాడు. బావ గోడవైపు తల తిప్పుకున్నాడు. అది మా ఇద్దరికీ ఆ ఊళ్లో మొదటి చలికాలం. మంచు కరగడం మేం అప్పటికింకా చూడలేదు.

వర్క్‌షాపు పని పొద్దంతా నిలబడి చేసేది. డాక్టర్లు ఆరు నెలలన్నారు, బావ వీసాకు నాలుగు నెలలే మిగిలి ఉంది. ఓనర్ మాట తప్పలేదు, ఉత్తరం రాసిచ్చాడు. కాని నిలబడలేని మనిషికి నిలబడే ఉద్యోగం ఉందని ఎవరికి చూపించినా ఎలా కుదురుతుంది? ఆ ఉద్యోగం ఖాళీగా ఉంచలేక ఓనర్ నన్ను అడిగాడు. నేను ఒప్పుకోలేదు. రెండోసారి అడిగినప్పుడు బావే నాతో అన్నాడు, మంచం మీద కాలు దిండ్లమీద పెట్టుకుని, టీవీ చూస్తూనే. "నువ్వు చెయ్యి. ఇద్దరం వాపస్ పోవుడెందుకు?" అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ నవంబరులో నేను మిగతా పనివాళ్లతో కలిసి కొండెక్కాను. బావ అప్పటికి చంకకర్రలతో ఆక్లండ్‌లో విమానం ఎక్కేశాడు. గడ్డి మొలకల మధ్య నాకు మూడు స్కీలు దొరికాయి, ఒకటి కూడా చెడలేదు.

ఆ ఉద్యోగం మీదే నాకు రెసిడెన్సీ వచ్చింది, దాని మీదే పెళ్లి, ఆక్లండ్, ఈ ఇల్లు. అక్క ఈ దేశం చూడలేదు. ఫోన్‌లో నన్ను ఒక్క మాట అనలేదు ఇన్నేళ్లలో. అని ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేదేమో. పాస్‌పోర్టు తీయించిన పాప పెద్దదై పెళ్లి చేసుకుని నిజామాబాద్‌లో ఉంది. బావ వాళ్ల నాన్న షాపులోనే బ్యాటరీ స్కూటర్లు బాగుచేస్తున్నాడు, స్టూలు మీద కూర్చుని, ఎడమకాలు చాపి.

హామిల్టన్‌లో కొత్తవి కొనుక్కుని వచ్చిన మర్నాడు బావకు ఫోన్ చేశాను. కొత్త రకం పంతొమ్మిది వందల గ్రాములేనన్నాను. ముక్కు ఎలా ఉందని అడిగాడు, ఇంకాస్త లేచింది, నడుము నూట పన్నెండే అన్నాను. నడుము తగ్గించారంటే అప్పట్లో అతిగా పెంచారని వాళ్లకూ తెలిసిందన్నమాట అన్నాడు, అచ్చం వర్క్‌షాపు మనిషిలా.

"బిడ్డకు చెప్పు," అన్నాడు. "మంచుల ఊడితే ఊడనీయమను. దాని వెంట పడొద్దను."

గ్యారేజీలో పట్టిక చూసి అమ్మాయి స్కీలకు అంకె ఐదున్నర పెట్టాను, స్క్రూ తిప్పి, వెలుతురులో పట్టి రెండుసార్లు చూశాను. మామయ్య ఇలా చెప్పమన్నాడని ఆమెతో అన్నాను. ఆమెకు మామయ్య అంటే వీడియో కాల్‌లో కాలు చాపి కూర్చునే మనిషి, అంతవరకే తెలుసు. "పోతే పోతుంది కదా డాడీ, ఇట్స్ ఓకే. నేను నడిచి దిగుతాను," అంది. ఇందులో ఫోన్ చేసి మరీ చెప్పవలసినది ఏముందన్నట్టు నావైపు చూసి, చేతి తొడుగులు వెతుక్కోవడానికి లోపలికి పోయింది.

మూడు రకాల మధ్య తేడాలు గ్రాముల్లో, మిల్లీమీటర్లలో నేను ఎవరికైనా చెప్పగలను. అవి మంచివైపుకే మారాయి, అందులో సందేహం లేదు. కాని నడిచి దిగుతానని ఒక మనిషి అంత తేలిగ్గా అనాలంటే, దిగినచోట ఇల్లు ఉంటుందని, రేపు కూడా ఉంటుందని ఆ మనిషికి తెలిసి ఉండాలి. మా అమ్మాయికి అది పుట్టినప్పటినుంచీ తెలుసు. ఆ ఆగస్టు పొద్దున ఒక్కడే షాపులో స్క్రూ తిప్పుతున్న బావకు తెలియదు. ఆయనకు తెలిసిందల్లా కరీంనగర్‌లో ఒక పిల్లకు పాస్‌పోర్టు సిద్ధంగా ఉందని.